ఇపొలీత్ వంటింట్లో పలికిన పేరు

ప్లసీద్‌ని సైన్యానికి పట్టించింది కన్నతల్లేనని కొండ దిగువ ఊళ్ళలో ఇప్పటికీ చెప్పుకుంటారు. నడిమి పండుగ రోజున వేషం కట్టుకొచ్చిన కొడుకుని చూసి సెవ్రీన్ మురిసిపోయి పేరు పెట్టి పిలిచేసిందట, వాడు ముసుగు తీశాడట, అక్కడే కూర్చున్న పోలీసులు రెక్కలు విరిచి పట్టుకుపోయారట. చెప్పేవాడికి వినేవాడు లోకువ. ఈ మాట మోసిన నోళ్ళలో సగం ఆ రోజు ఇది జరిగిన పెతితాన్స్ ఊరి పొలిమేర కూడా తొక్కలేదు. సెవ్రీన్ నోరు మంచిదని ఎవరూ అనరు గానీ, ఆ పాపం మాత్రం ఆవిడది కాదు.

ప్లసీద్ పుట్టిన రోజున కొండ మీంచి దూకిన గాలికి ఇంటి పైకప్పు లేచిపోకుండా వాళ్ళ నాన్న ఎలీ తాళ్ళు లాగి కడుతున్నాడు. లోపల్నుంచి పసిబిడ్డ ఏడుపు వినపడితే, కట్టిన తాడు వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. పెంకులు సగం సముద్రంలో పడ్డాయి. "పుట్టీ పుట్టగానే కొంప పీకాడు" అని సెవ్రీన్ పురిటి మంచం మీంచే తిట్టింది. అదే ముద్దు ఆవిడకి.

ఆ ఊళ్ళో ఇంటిపేర్లు గుప్పెడు, మనుషులు గంపెడు. అందుకని తండ్రి పేరు తగిలిస్తే తప్ప ఎవరు ఎవరో తేలదు. ఎలీ వాళ్ళ ప్లసీద్ అంటే మాత్రం చిన్నపిల్లలకి కూడా తెలుసు, వాడి ఎడంకాలి వల్ల. పడవని ఒడ్డుకి లాగేటప్పుడు ఆ కాలు దాని కింద పడింది. ఎముక అతుక్కుంది గానీ, నడకలో కుడికాలు వేసిన అడుగుని ఎడంకాలు ఒక క్షణం ఆలోచించుకుని వేసేది. నడకలో అయితే సరే, వాడికి నాట్యం పిచ్చి. పెళ్ళిళ్ళలో ఫిడేలు మోగితే అందరికన్నా ముందు గెంతేది వాడే.

"ఒరే ప్లసీద్, నీ ఎడంకాలు ఇంకా చర్చి దగ్గరే ఉంది, వెళ్ళి పిలుచుకురా" అని కుర్రాళ్ళు ఎగతాళి చేసేవారు.

"వస్తుందిలే, అది పెద్దమనిషి. పెద్దమనుషులు తొందరపడరు" అనేవాడు వాడు ఆగకుండా.

కొన్నాళ్ళకి ఫిడేలు వాయించేవాళ్ళే వాడి కాలు కోసం ఆగి వాయించడం మొదలుపెట్టారు. చేపలు కొయ్యడంలో గానీ, తడకల మీద ఉప్పుచేప తిరగెయ్యడంలో గానీ వాడు గొప్ప పనివాడేం కాదు. మేఘం పట్టిందంటే అందరూ చేపల్ని గోతాల కిందకి లాగుతుంటే, వాడు మేఘాన్ని చూస్తూ నిలబడేవాడు. సెవ్రీన్ చెప్పు విసిరేది. వాడు ఆ చెప్పు పట్టుకుని దానితో ఒక గెంతు గెంతేవాడు. చెప్పు విసిరిన మనిషే నవ్వు ఆపుకోలేక చెయ్యి అడ్డం పెట్టుకునేది.

ఇక నడిమి పండుగ సంగతి. ఈస్టర్ ముందు ఉపవాసాలు సగానికొచ్చేసరికి, ఉప్పుచేపా బంగాళాదుంపా తిని తిని జనం మొహాలు కూడా ఉప్పుచేపల్లా తయారవుతాయి. ఆ మధ్యలో ఒక్క రోజు సడలింపు. ఆ రోజున మొహం కప్పుకుని, మగాళ్ళు లంగాలు తొడుక్కుని, వీపున దిండ్లు కట్టుకుని గూనివాళ్ళై, ఇల్లిల్లూ తిరుగుతారు. గొంతు గుర్తుపట్టకుండా ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడతారు. వచ్చింది ఎవరో ఇంటివాళ్ళు కనిపెట్టాలి. పేరు సరిగ్గా పలికారా, ఆ క్షణంలోనే ముసుగు తియ్యాలి. బతిమాలుడు లేదు, బుకాయింపు లేదు. కనిపెట్టలేకపోయారా, వేషగాడు ఎంతసేపైనా కూర్చోవచ్చు, పొమ్మనే హక్కు ఇంటివాళ్ళకి లేదు. పేరు పలికాక కూడా ముసుగు తియ్యనివాడు ఆ ఊళ్ళో ఇంతవరకూ పుట్టలేదు. పుడితే వాడి మనవల్ని కూడా ఎత్తిపొడుస్తారు.

ఈ ఆటలో సెవ్రీన్‌ని మించినవాళ్ళు లేరు. చెయ్యి చూసి చెప్పేది, కుర్చీలో కూలబడే తీరు చూసి చెప్పేది, గుమ్మంలో బూట్ల మంచు దులిపే చప్పుడు విని చూడకుండానే చెప్పేది. "ఆవిడ ముందుకి వేషం కట్టుకుని వెళ్ళడం కంటే బట్టల్లేకుండా వెళ్ళడం నయం" అనేది పక్కింటి ముసలమ్మ పెలాజీ.

యుద్ధం మొదలైన కొత్తలో ఆ ఊళ్ళో దాన్ని ఎవరూ పట్టించుకోలేదు. ఎక్కడో రాజులు కొట్టుకుంటున్నారు, మనకేం అనుకున్నారు. చేపల కొట్టు యజమాని ఇపొలీత్ కొడుకు ఉబేర్ ఒక్కడే తనంత తానుగా వెళ్ళాడు. వెళ్ళినవాడు ఫ్లాండర్స్ బురదలో కలిసిపోయాడు. శవం కూడా రాలేదు. వాడికి ముందూ వెనకా తోబుట్టువులు లేరు. వాళ్ళమ్మ ఓజిత్ మంచం దిగకపోతే, సెవ్రీనే వెళ్ళి ఒళ్ళు తుడిచి, జుట్టు చిక్కు తీసి, చెంచాతో సూప్ తాగించి వచ్చేది. వాళ్ళిద్దరూ దూరపు వదినా మరదళ్ళు. ఆ మాటకొస్తే ఆ ఊళ్ళో దూరపు చుట్టరికం లేనివాళ్ళెవరు.

నాలుగో ఏడు ప్రభుత్వం చట్టం తెచ్చింది. పెళ్ళికాని కుర్రాళ్ళందరూ రావాలంది. చేపలు పట్టే కొడుకు ఇంటికి కావాలని చెప్పుకుంటే వదిలేస్తారని విని, ఎలీ కొడుకుని తీసుకుని పట్నం వెళ్ళాడు. ఉత్త చేతులతో తిరిగొచ్చాడు.

"ఏమన్నారు?" అంది సెవ్రీన్.

"వాళ్ళకి మన భాష రాదు, మనకి వాళ్ళ ఇంగ్లీషు రాదు. మధ్యలో చెప్పినవాడికి రెండూ రావు" అన్నాడు ఎలీ బూట్లు విప్పుకుంటూ.

ప్లసీద్ మంచు చెప్పులు తొడుక్కుని కొండెక్కాడు. పైన అడవిలో కట్టెలు కొట్టేవాళ్ళ పాకలో ఇంకొందరు కుర్రాళ్ళతో చలికాలమంతా దాక్కున్నాడు. ఎలీ రొట్టెలు మోసుకెళ్ళి ఇచ్చి వచ్చేవాడు. వాళ్ళని వెతకడానికి ఇద్దరు ఇంగ్లీషు పోలీసులు ఊళ్ళోకి దిగారు. ఊళ్ళో ఖాళీ గది ఉన్నది ఇపొలీత్ ఇంట్లోనే. ఉబేర్ గదిలో, ఉబేర్ మంచం మీద పడుకుని, పగలంతా ఊరు తిరిగి "ప్లసీద్? ప్లసీద్?" అని కనపడ్డవాళ్ళనల్లా అడిగేవారు. "ఏ ప్లసీద్ బాబూ, చచ్చినవాడా, ఇంకా పుట్టనివాడా?" అని పెలాజీ వాళ్ళతో ఆడుకునేది. వాళ్ళకేం అర్థం కాక టోపీ ఎత్తి దండం పెట్టి పోయేవారు.

నడిమి పండుగ వచ్చింది. దిగి రావద్దని సెవ్రీన్ భర్తతో కబురు పంపింది. ఆ కబురు విన్నవాడైతే వాడు ప్లసీద్ ఎందుకవుతాడు.

పొద్దు వాలుతుండగా వేషగాళ్ళ గుంపొకటి సెవ్రీన్ వంటింట్లోకి తోసుకొచ్చింది. అందులో ఒకడు పరుపు గలీబు తల నుంచి మోకాళ్ళ దాకా తొడుక్కుని, కళ్ళ దగ్గర రెండు కంతలు చేసుకుని, వీపున దిండుతో గూనివాడై ఉన్నాడు. గడప దాటేటప్పుడు ఎడంకాలు ఒక్క క్షణం బయటే ఆగింది. అంతే, సెవ్రీన్ చేతిలో పాకం గరిట గిన్నెలోకి జారిపోయింది.

వరసగా ఒక్కొక్కరి పేరూ చెప్పింది. ఒక్కొక్కరే ముసుగు తీసి సిగ్గుపడి నవ్వారు. చివరికి గూనివాడు మిగిలాడు. అందరూ ఆవిడ వైపే చూస్తున్నారు.

"వీడు అన్సెల్మ్ వాళ్ళ తియోదూల్" అంది.

గూనివాడు తల అడ్డంగా ఊపాడు.

"అయితే రేవు చివర సిమోన్."

మళ్ళీ అడ్డంగా ఊపాడు. పొయ్యి పక్కన కూర్చున్న పెలాజీ ముందుకి వంగింది. "అదేంటే సెవ్రీన్, సిమోన్‌కి పొట్ట ఉంటుంది. నీ కళ్ళకి పొర కమ్మిందా? ఆ కాలు చూడు, నాకైతే అది మన..."

సెవ్రీన్ గిన్నెలో చల్లారుతున్న నల్లబెల్లం పాకం ఉండ ఒకటి తీసి ముసలమ్మ నోట్లో కుక్కింది. ఉన్న రెండు పళ్ళూ దానికి అతుక్కుపోయి పెలాజీ మాట లోపలే ఉండిపోయింది. కొంతసేపటికి ఆ ముసలి కళ్ళకి విషయం అర్థమైంది. తల దించుకుని చప్పరించుకుంది.

"ఓడిపోయాను" అంది సెవ్రీన్. ఆ మాట ఆవిడ నోట ఊరు వినడం అదే మొదలు. గూనివాడి చేతిలో పాకం ఉండలు పోసింది. వాడు ఆ ఇంట్లో, తన తల్లి ముందు, ఎవరో పరాయివాడిలా ఒక గెంతు గెంతాడు. చిన్నది, పాకలో చలికి బిగుసుకుపోయిన కాళ్ళతో. తల్లి వాడి వీపున జారిన దిండు సర్దుతూ, తనూ ఊపిరి లోపలికి పీల్చి గుసగుసగా అంది: "ఇంక పైకెళ్ళు. ఇపొలీత్ ఇంటివైపు పోకు."

"అందరూ పోతుంటే నేనొక్కణ్ణే పోకపోతే అనుమానపడతారమ్మా. ఉబేర్ పోయాక ఓజిత్ అత్త ఆ ఇంట్లో ఒంటరిదైపోయింది, పండుగ పూటైనా పలకరించాలి" అన్నాడు వాడు, అదే లోపలి గొంతుతో.

తల్లీకొడుకులు మనసు విప్పి మాట్లాడుకున్నది అంతే.

ఆ తర్వాత ఇపొలీత్ వంటింట్లో జరిగింది సెవ్రీన్ చూడలేదు. చూసినవాళ్ళ గొంతుల్లోంచి ముల్లు లాగినట్టు ఒక్కొక్క మాటే లాగింది. ఇల్లు కిక్కిరిసి ఉంది. పోలీసులిద్దరూ పొయ్యి దగ్గర కూర్చుని ఈ పిచ్చేమిటో అర్థం కాక చూస్తున్నారు. ప్లసీద్ మొదట తెలివిగా రెండు కాళ్ళూ ఆలస్యంగా వేస్తూ గెంతాడు. ఫిడేలు జోరెక్కాక ఒళ్ళు మరిచిపోయాడు. తలా ఒక పేరు అరుస్తున్నారు. ఆ అరుపుల మధ్యన ఎవరో ఒకరు, గట్టిగా కూడా కాదు, "ప్లసీద్" అన్నారు.

తలుపు తెరిచే ఉంది. పారిపోయి ఉంటే చీకట్లో కొండ ఎక్కేసేవాడు. ముసుగు తియ్యకుండా తల అడ్డంగా ఊపినా సరిపోయేది. వాడు ఆగిపోయాడు. ఆ పేరు వచ్చిన వైపు ఒకసారి చూశాడు. తర్వాత రెండు చేతులతో గలీబు పైకి లాగి తీసేశాడు. ఫిడేలు ఆగింది. ఊరి భాషలో ఆ పోలీసులకి తెలిసిన మాట ఆ పేరొక్కటే.

మంచుబండి మీద ఎక్కిస్తుంటే సెవ్రీన్ చెప్పుల్లేకుండా పరిగెత్తుకొచ్చింది.

"ఎందుకు తీశావురా?"

"పేరు పలికారమ్మా. తియ్యకపోతే ఎలా."

"ఎవరు పలికారు?"

వాడు గుర్రం వైపు చూశాడు. "ఎవరైతేనేం. ఆట ఆటే" అన్నాడు.

సైన్యంలో వాడి కాలితో సార్జెంట్లు వేగలేకపోయారట. కవాతులో అందరి బూట్లూ ఒకేసారి నేలని కొడితే, చివర్లో ఒంటిగా ఒక బూటు కొట్టేదట. తిట్టిన తిట్లు ఇంగ్లీషులో ఉండటం వల్ల వాడు హాయిగా నవ్వేవాడట. ఇవన్నీ వాడితో ఉండి బతికి వచ్చిన కొండ అవతలి కుర్రాడు ఆర్సెన్ చెప్పాడు. ఆకులు రాలే రోజుల్లో కాంబ్రే దగ్గర నీళ్ళు లేని కాలవ ఒకటి దాటాల్సి వచ్చింది. అవతలి గట్టుకి నిచ్చెన వేసి, ప్లసీద్ కింద నిలబడి దాన్ని పట్టుకున్నాడు. ఒక్కొక్కడే ఎక్కాడు. ఎక్కేవాడి వెనక తట్టి ఏదో ఒక హాస్యం ఆడాడు. అందరూ ఎక్కాక నిచ్చెన పట్టుకునేవాళ్ళు లేక, తనొక్కడూ నిదానంగా ఎక్కాడు. తల గట్టు పైకి రాగానే తుపాకీ గుండు మెడలో దిగింది. కిందపడేలోగా ప్రాణం పోయింది, బాధపడలేదు అన్నాడు ఆర్సెన్.

"ఎవరు పలికారో ఎప్పుడైనా చెప్పాడా బాబూ?" అంది సెవ్రీన్.

"అడిగాను పిన్నీ. వాడికి తెలుసు. చెప్పలేదు. మా అమ్మకి తెలిస్తే ఊరు తగలబెడుతుంది అన్నాడు."

"తల్లిని బాగానే ఎరుగును వాడు" అంది సెవ్రీన్. కంట తడి లేదు. ఆ మాటతోనే ఒట్టు పెట్టుకుంది. ఆ పేరు పలికిన నోరు ఎవరిదో తేల్చాలి. తేల్చాక ఆ నోరు ఈ ఊళ్ళో ఇంకెవరి పేరూ పలక్కుండా చెయ్యాలి.

ఆవిడకి అనుమానం లేదు. ఇపొలీతే. పోలీసులకి పక్క వేసినవాడు, దొరల మెప్పు కోరేవాడు. పైగా తల్లే పట్టించిందన్న మాట మొదట అతని కొట్టులోనే పుట్టిందని తెలిసింది. ఇంక చూసుకోండి. పూజ ముగిసి జనం చర్చి మెట్లు దిగుతుంటే, ఇపొలీత్ ఎదురైనప్పుడల్లా సెవ్రీన్ వీపు తిప్పి నిలబడేది. ఆవిడని చూసి పెలాజీ తిప్పింది. పెలాజీని చూసి అందరూ తిప్పారు. అతను మెట్లు దిగితే రెండు పక్కలా వీపులే. చేపల్ని పక్క రేవులో అమ్మడం మొదలుపెట్టారు. దూరమైనా సరే, ఎదురుగాలైనా సరే. అతను తుమ్మితే "దేవుడు చల్లగా చూడాలి" అనేవాళ్ళు లేకుండా పోయారు.

నడిమి పండుగ వచ్చేసరికి ఆ ఇంటి గడప తొక్కే వేషగాడు లేడు. ఒక్కరు తప్ప. పరుపు గలీబు తొడుక్కుని, వీపున దిండు పెట్టుకుని, ఎడంకాలు ఆలస్యంగా వేస్తూ ఒక గూని మనిషి వచ్చి ఇపొలీత్ ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుంది. మాట లేదు. అది ఎవరో అతనికి తెలుసు, ఓజిత్‌కి తెలుసు. కానీ పేరు పలికితే ముసుగు లేస్తుంది, ముసుగు లేస్తే ఆ మొహం చూడాలి. పలకకపోతే పొమ్మనే హక్కు లేదు. పొయ్యిలో నిప్పు చల్లారేదాకా ఇపొలీత్ చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. మరుసటి ఏడు అలాగే. ఆ మరుసటి ఏడు అతను గోడవైపు తిరిగి కూర్చున్నాడు.

"ఇంక చాల్లేవే, ముసలాడు ఎండిపోయిన చేపలా అయ్యాడు" అంది పెలాజీ.

"ఉప్పు ఇంకా సరిపోలేదు" అంది సెవ్రీన్.

"నీకు మనశ్శాంతిగా ఉందా?"

"మనశ్శాంతి ఎవడిక్కావాలి. నాకు పేరు కావాలి."

ఓజిత్ జోలికి మాత్రం ఆవిడ ఎప్పుడూ పోలేదు. కొడుకుని పోగొట్టుకున్న మనిషి, పైగా అలాంటి మొగుడితో కాపురం అని జాలిపడింది. దారిలో కనపడితే తల ఊపేది. ఓజిత్ కూడా ఊపేది.

నాలుగో ఏడు నడిమి పండుగకి ఇపొలీత్ పొద్దున్నే తమ్ముడి ఊరికి పారిపోయాడు. ఆ సంగతి తెలియక సెవ్రీన్ ఎప్పటిలాగే వెళ్ళింది. వంటింట్లో ఓజిత్ ఒక్కతే ఉంది. పొయ్యి పక్కన కుర్చీ లాగి చూపించింది.

"ఆయన లేడు. నువ్వొస్తావనే వెళ్ళాడు. తిండి సహించక ఎన్నాళ్ళయిందో ఆయనకి."

గలీబు కదల్లేదు. ఓజిత్ పాకం ఉండలు పళ్ళెంలో పెట్టి ముందుంచింది. ఎదురుగా కూర్చుని, రెండు కంతల్లోకి చాలాసేపు చూసింది.

"సెవ్రీన్ వదినా" అంది చివరికి, నెమ్మదిగా.

ఆట ఆటే. సెవ్రీన్ రెండు చేతులతో గలీబు లాగి తీసింది. ఊపిరాడక ఎర్రబడ్డ మొహం, నుదుటికి అంటుకుపోయిన తెల్లజుట్టు.

"నీతో నాకు తగువు లేదు వదినా" అంది. "నీ మొగుడు నోరు విప్పడు. నువ్వైనా చెప్పు. ఆ రోజు ఈ ఇంట్లో నా కొడుకు పేరు పలికింది ఆయనేగా?"

"ఆయన కాదు. ఆయన చేసిన పాపమల్లా నీ మీద పుకారు పుట్టించడం. అది కూడా నన్ను కాయడానికే."

"మరి ఎవరు?"

ఓజిత్ కళ్ళు దించలేదు.

"నేను. వాడి గెంతులు చూసి నాకు నవ్వొచ్చింది వదినా. ఉబేర్ పోయాక మొదటిసారి, పొట్ట పట్టుకుని నవ్వాను, నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. నా కొడుకు మట్టిలో ఉండగా నన్ను అలా నవ్వించినవాణ్ణి నేను క్షమించలేకపోయాను. ఇప్పటికీ క్షమించలేదు."